రేఖ కెమెరా, రాజయ్య కోటు

పద్నాలుగేళ్లలో ఎంతమంది మొహాలను ఫోటో తీసిందో రేఖకు గుర్తు లేదు. ఆ లెక్క కంప్యూటర్ దగ్గరే ఉంది. మాదాపూర్ మెట్రో స్టేషన్ వెనక సందులో, మొదటి అంతస్తులో ఉన్న ఒక సేవా కేంద్రంలో ఆమె ఆపరేటరు. కార్డు కావలసిన మనిషి తెల్లగోడ ముందు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంటాడు. తీగకు వేలాడే చిన్న కెమెరా అతని వైపు, రేఖ మొహం తెర వైపు తిరిగి ఉంటాయి.

"నవ్వొద్దు. గడ్డం జర పైకి. చెవులు కనబడాలె. కండ్లు ఆర్పకుండ్రి."

మూడు సెకన్లలో మనిషి పని అయిపోతుంది.

రేషన్ కార్డు, ఓటరు కార్డు, పింఛను పుస్తకం, బ్యాంకు పాసుబుక్కు: ఒక మనిషి జీవితానికి ఎన్ని కాగితాలు, వాటి మీద ఎన్ని మొహాలు! ఒక్కదానిలోనైనా ఆ మనిషి ఉంటాడా? పెళ్లింట్లో పాట ఎత్తుకునే ఆడమనిషి, మనవణ్ణి భుజాన వేసుకుని ఊరంతా తిప్పే తాత, అందరూ ఒకే దొంగతనంలో పట్టుబడ్డ వాళ్లలా ఆ కార్డుల్లోంచి చూస్తుంటారు. కొన్నాళ్లకు ఆ మనిషి పోతాడు. అప్పుడు ఇంట్లో వాళ్లు ఆ కార్డునే పట్టుకుని వస్తారు. "ఇదొక్కటే ఫోటో ఉన్నదమ్మా, జర పెద్దగ చేసిస్తవా?" అని అడుగుతారు. బతికుండగా మనిషిని మూడు సెకన్లు చూసిన వ్యవస్థ, పోయాక ఆ మూడు సెకన్లనే శాశ్వతంగా ఇంటి గోడకు తగిలిస్తుంది. ఇందులో కోపం తెప్పించేది ఏమీ లేదనుకునేవాళ్లతో వాదించి లాభం లేదు.

రేఖకు కోపం వచ్చేది. అందుకు ఆమె ఇంట్లోనే కారణం ఉంది.

ఆమె తండ్రి రాజయ్య మాదాపూర్ పక్కనున్న ఖానామెట్ ఊరి మనిషి. వయసులో ఉన్నన్నాళ్లూ గుట్టల్లో రాయి కొట్టాడు. గుట్టలు పోయి ఆ చోట అద్దాల మేడలు లేచాక, ఒక సెక్యూరిటీ ఏజెన్సీలో చేరి వాటిలో ఒకదాని గేటు దగ్గర రాత్రి కాపలాకు కుదిరాడు. పదకొండేళ్ల కిందట, జనవరిలో, దమ్ము పెరిగి, ఊపిరాడక పోయాడు. అప్పటికి రేఖ పదిహేను రోజుల బాలింత. పుట్టింటి పనులేవీ ఆమె చేతిలో లేవు. పదో రోజు నాటికి ఫోటో గోడకెక్కింది. మొహం రేషన్ కార్డులోది, పెద్దది చేయడంతో చుక్కలు చుక్కలుగా ఉంది. మెడ నుంచి కిందికి మాత్రం నీలం కోటు, తెల్ల చొక్కా, ఎర్ర టై! రాజయ్య పుట్టి బుద్ధెరిగిన తర్వాత టై కట్టిన రోజు లేదు.

"ముసలాయనకు అడగకుండ కోటు తొడిగిండ్రు. గా స్టూడియో వాడు కండ్లబడితే చెప్త," అని పదకొండేళ్లుగా అంటూనే ఉంది రేఖ. ఆ స్టూడియో ఎప్పుడో మూతపడింది. తల్లి భూలక్ష్మి ఆ మాట వచ్చినప్పుడల్లా బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ ఊరుకునేది.

భూలక్ష్మికి ఇప్పుడు డెబ్భై మూడు. కూతురు, అల్లుడు, మనవడి దగ్గరే ఉంటుంది. కిందటి ఏడు పింఛను కోసం వేలు పెడితే యంత్రం ఒప్పుకోలేదు. ఒక్కో వేలూ పెట్టించారు. పదీ కాదంది. యాభై ఏళ్లు కంకర తట్టలు మోసిన వేళ్ల మీద గీతలు మిగులుతాయా? "నేను నేను కాదంటున్నదానే గీ డబ్బా?" అని ఆమె నవ్వింది. రేఖకు నవ్వు రాలేదు. వేళ్ల మీది గీతలు పోయాయి. మొహం మీది గీతలైనా పోకముందే ఎక్కడో ఒకచోట నిలపాలి. అమ్మ ఫోటో ఒక్కటి, అమ్మలా ఉండేది, తన చేత్తో తీయాలి. ఆ రోజు నుంచి ఆమెకు అదే ధ్యాస.

ముందు ఫోనుతో ప్రయత్నించింది. ఫోను అమ్మ ముడతలన్నీ తుడిచేసి, ఎవరో నలభై ఏళ్ల ఆవిణ్ణి చూపించింది. అప్పుడే అసలు కెమెరా కొనాలని నిశ్చయించుకుంది.

సలహాలకు కొదవ లేదు. అడ్రసు మార్పుకు వచ్చిన యశ్వంత్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు విషయం తెలిసి మహా ఉత్సాహపడ్డాడు.

"ఇప్పుడు డీఎస్‌ఎల్‌ఆర్ ఎవరు కొంటున్నారక్కా? అవుట్‌డేటెడ్. మిర్రర్‌లెస్‌కి వెళ్లిపోండి. వీలైతే ఫుల్ ఫ్రేమ్."

"గది ఏ ఫ్రేమో నాకేం తెలుస్తది తమ్మీ? నాకు మా అమ్మ ఫోటో కావాలె."

"మీరు టెన్షన్ పడకండి. నేను కంపేర్ చేసి ఇస్తా."

అన్నట్టుగానే మర్నాడు ఐదు కెమెరాలను పక్కపక్కన పెట్టి, ముప్ఫై వరుసల పట్టిక రంగుల్లో ప్రింటు తీసి ఇచ్చాడు. రేఖ దాన్ని మూడు రోజులు చదివింది. మొదటి రోజు తెలిసిన సంగతులు కూడా మూడో రోజుకు తెలియకుండా పోయాయి.

ఆ కాగితాన్నే పర్సులో పెట్టుకుని, ఒక ఆదివారం లింగంపల్లి వెళ్లింది. స్టేషన్ ఎదుట, ఫోను కవర్లు అమ్మే కొట్టు పైన రామబ్రహ్మం దుకాణం ఉంది. రాజమండ్రి నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లు పెళ్లిళ్ల ఫోటోలు తీసిన మనిషి. మోకాళ్లు మొరాయించాక పాత కెమెరాలు కొని, బాగుచేసి అమ్ముతున్నాడు. పట్టికను కళ్లద్దాలు సవరించుకుని పైనుంచి కింది దాకా చదివి, మడతల మీదే మడిచి ఆమె చేతికిచ్చాడు.

"దాచుకోండమ్మా. కుర్రాడు కష్టపడి రాశాడు. ఇంతకీ మీరు ఎవర్ని తీస్తారండి?"

"మా అమ్మను, సార్."

"ఇంకా?"

"ముందుగాల అమ్మనే."

"బయటా, ఇంట్లోనా?"

"ఇంట్లనే. రెండే గదులు. పొద్దుగాల తలుపు దిక్కుకెల్లి జర ఎండ వస్తది."

"కూర్చోండి," అని ఆయన బీరువా తెరిచి మూడు కెమెరాలు బల్ల మీద పెట్టాడు.

మొదటిది ఎత్తగానే రేఖ మణికట్టు వాలింది. "ఇది మీ పట్టిక ప్రకారం ఫస్టు మార్కండి. మీ చేతికి ఫెయిలు. బరువని ఇంట్లో పెట్టేసే కెమెరా ఎంత గొప్పదైతే ఏం లాభం?" అని దాన్ని ఆయనే పక్కకు జరిపాడు. రెండోది యశ్వంత్ చెప్పిన మిర్రర్‌లెస్. తేలిగ్గా, ముద్దుగా ఉంది. రేఖ కంటికి పెట్టుకుంది. లోపల చిన్న తెర, తెర మీద అంకెలు, అంకెల మధ్య రామబ్రహ్మం.

"కార్డు ఫోటోలు తీసే మా ఆఫీసు కంప్యూటర్ లెక్కనే ఉన్నది సార్."

"లోపల బుల్లి టీవీ ఉంటుందండి. తప్పేం కాదు, ఇప్పుడందరూ అవే కొంటున్నారు."

మూడోది పాత డీఎస్‌ఎల్‌ఆర్. బొటనవేలు ఆనే చోట రబ్బరు కాస్త నునుపెక్కింది. ఎవరో చాలాకాలం ఇష్టంగా పట్టుకున్న గుర్తు. రేఖ దాన్ని కంటికి పెట్టుకుని, కాసేపటికి దించి, మళ్లీ పెట్టుకుంది.

"ఇండ్ల తెర లేదేంది సార్?"

"లేదమ్మా. లోపల అద్దం ఉంది. ఎదుటనున్న వెలుగు ఆ అద్దం మీద పడి మీ కంట్లోకి వస్తుంది. ఇప్పుడు మీరు చూస్తున్నది నన్నేనండి, నా బొమ్మని కాదు."

రేఖ చాలాసేపు దించలేదు. పద్నాలుగేళ్లు తెర మీది బొమ్మలను చూసిన కంటికి, ముక్కు పక్క పులిపిరితో, చొక్కా జేబు మీద సిరా మరకతో ఒక మనిషి ఎదురుగా కనిపించాడు.

"అంతసేపు చూస్తే సిగ్గేస్తోందండి. పెళ్లిచూపుల్లో మా ఆవిడైనా ఇంతసేపు చూళ్లేదు."

అప్పుడు రేఖ నవ్వింది. "గిదే కావాలె సార్," అంది.

ఆయన దానితో వచ్చే జూమ్ లెన్సును తీసేసి, పొట్టిది మరొకటి బిగించాడు. "యాభై ఎమ్.ఎమ్. దీనికి జూమ్ లేదు. తక్కువ వెలుగులోనూ బాగా తీస్తుంది కాబట్టి ఫ్లాష్ అక్కర్లేదు. కానీ మొహం దగ్గరగా కావాలంటే మీరే లేచి దగ్గరకు నడవాలి. మీ ఆఫీసులోలాగా కుర్చీలో కూర్చుని తియ్యడం కుదరదు. బాడీ పాతదైనా పర్లేదండి, డబ్బులు లెన్సు మీద పెట్టండి." ఇప్పటికి ఆ కెమెరా ఇరవై రెండు వేల సార్లు మీట నొక్కించుకుందనీ, లక్ష దాకా బెంగ లేదనీ చూపించి, బిల్లు రాస్తూ అన్నాడు: "బిల్లు మీది నంబరు, కెమెరా అడుగున ఉన్న నంబరు ఒకటేనో కాదో సరిచూసుకోండి. వచ్చే ఆదివారం సాయంత్రం దాకా మీ ఇష్టం. నచ్చకపోతే తెచ్చెయ్యండి. తీసిన ఫోటోలు మాత్రం నాకు చూపించాలి సుమండీ."

బిల్లు అందుకుంటూ రేఖ ఆయన వెనకనున్న గోడను చూసింది. పక్క పనిగా ఆయన పటం కట్టి తగిలించిన ఫోటోలు మూడున్నాయి. ముగ్గురూ పోయినవాళ్లని చూడగానే తెలుస్తోంది. ముగ్గురికీ అదే నీలం కోటు, అదే ఎర్ర టై.

"గీ కోటు... మా నాయినకు గూడ గిదే తొడిగిండ్రు. మీరేనా సార్?"

రామబ్రహ్మం వెనక్కి తిరిగి చూశాడు. "నేను కాదేమో గానీ, కోటు మాత్రం ఇదే అయ్యుంటుందమ్మా. మా లైన్లో అందరి దగ్గరా ఉండేది ఈ ఒక్క కోటే."

"సచ్చినోళ్లకు అడగకుండ తొడుగుడేంది సార్? మా నాయిన రాళ్లు గొట్టిండు. టై ఎందుకాయనకు?"

"అడక్కుండా ఎవరూ తొడగరమ్మా," అన్నాడాయన నెమ్మదిగా. "కోటుకి వేరే చార్జీ. ఇంట్లోవాళ్లు అడిగితేనే."

రేఖ ఆ మాట నమ్మలేదు. కెమెరా సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది.

ఇంట్లో భూలక్ష్మి కెమెరాను చుట్టూ తిరిగి చూసింది. "నన్ను గోడకెక్కియ్యడానికి తెచ్చినవా బిడ్డా?"

"గట్లనకు అమ్మా."

"మీ నాయిన పక్కన జాగ ఖాళీగనే ఉన్నది. మేకు గూడ కొట్టే ఉన్నది. పటం ఒక్కటే తక్కువ."

అంటూనే లేచి, కొంగు సవరించుకుని, స్టూలు తీసి తెల్లగోడ ముందు వేసుకుని, గడ్డం ఎత్తి కూర్చుంది. రేఖ కెమెరా కంటికి పెట్టుకుంది. ఆ రోజు, మర్నాడు పొద్దున్న కలిపి నలభై ఒక్క ఫోటోలు తీసింది. ఆమె భర్త ఓంకార్ క్యాబ్ నడుపుతాడు. డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతూ అన్నీ వరుసగా చూశాడు.

"మస్తు క్లియర్‌గున్నయి. ఏ కార్డుకు పెడుతున్నవ్? పింఛనుకా?"

అతను వెటకారం చేయలేదు. మనస్ఫూర్తిగానే అడిగాడు. రేఖ మళ్లీ చూసుకుంది. నలభై ఒక్కటీ ఒకటే ఫోటో. తెల్లగోడ, ఎత్తిన గడ్డం, రెండు చెవులు, రెప్ప వాలని కళ్లు. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చి, ఎక్కడ ముద్ర వేయమంటే అక్కడ వేసే ఒక ముసలామె. వాటిలో అమ్మ లేదు.

రామబ్రహ్మానికి ఫోన్ చేసింది. "ఆదివారం వాపస్ తెస్త సార్. గీ కెమెరా నాతోని అయ్యేటట్టు లేదు."

"ఫోటో చూపించాలి అన్నాను కదండీ?"

ఒకటి పంపింది.

"వెలుగు బాగుంది. కన్ను మీదే ఫోకస్ ఉంది. కెమెరా తప్పేం లేదమ్మా. ఆవిణ్ణి నవ్వొద్దని ఎవరు చెప్పారండి?"

చెప్పింది రేఖే. నవ్వొద్దు, గడ్డం పైకి, చెవులు కనబడాలె. కెమెరా కంటికి ఆనగానే పద్నాలుగేళ్ల పాఠం నోటి నుంచి దానంతటదే జారింది. ఆ మాటలు అన్నట్టు కూడా అప్పుడు ఆమె ఎరగలేదు. తల్లి మాత్రం విన్నది, విన్నట్టు చేసింది.

తర్వాత నాలుగు రోజులు నోరు కట్టుకుని ప్రయత్నించింది. లాభం లేకపోయింది. భూలక్ష్మి కూరగాయలు తరుగుతున్నా, ఆరుబయట పక్కింటామెతో ముచ్చట పెడుతున్నా, కూతురి చేతిలో ఆ నల్లటి వస్తువు కనబడితే చాలు, గడ్డం దానంతటదే లేచేది. ఏళ్ల తరబడి ఆఫీసులు నేర్పిన భంగిమ అది. శనివారం నాటికి రేఖ కెమెరాను సంచీలో సర్దేసి, బిల్లు పైన పెట్టి, సంచీని తలుపు పక్కన ఉంచింది.

ఆదివారం పెత్రమాస. పోయిన పెద్దలకు ఇష్టమైనవి వండి, కొత్తబట్టలు ముందర పెట్టి, వాళ్ల పేరు తలచుకుని తినే అమావాస్య. పొద్దున్నే స్నానం చేసి, భూలక్ష్మి రాజయ్య పటాన్ని గోడ మీంచి దించి, తలుపుకు ఎదురుగా పీట మీద నిలబెట్టింది. గారెలు వేస్తూ వంటగదిలోంచి రేఖ తొంగిచూసింది. ఎండ సరిగ్గా ఆ ఎర్ర టై మీద పడుతోంది.

"అమ్మా, లింగంపల్లి సారుతోని చెప్పి నాయిన ఫోటో మంచిగ చేపిస్త. కోటు తీసేపిచ్చి, మామూలు అంగీ పెట్టిపిస్త."

"ఏందీ?" భూలక్ష్మి గిర్రున తిరిగింది. "కోటు తీస్తవా? ఒక్కసారి తియ్యి, చూస్త!"

"గది మన నాయిన కాదమ్మా. గా స్టూడియో వాడు..."

"స్టూడియో వాన్ని ఏమనకు. నేనే అడిగిన."

రేఖ చేతిలోని జల్లిగంట నూనె కారుస్తూ ఆగిపోయింది. భూలక్ష్మి లేచి వెళ్లి, ఇనప్పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. ఇంట్లోని కాగితాలన్నీ అందులోనే ఉంటాయి. ఆమెకు చదువు రాదు. కానీ ఏ కాగితం ఏదో మరక చూసి పోల్చగలదు. పసుపురంగు చీటీ ఒకటి తీసి కూతురికి ఇచ్చింది.

అది ఏజెన్సీ వాళ్ల యూనిఫారం రసీదు. చొక్కాలు రెండు, ప్యాంట్లు రెండు, టోపీ ఒకటి, చలికోటు ఒకటి ముట్టినవి. కింద రాజయ్య వేలిముద్ర, సిరా పక్కకు చెదిరి ఉంది.

"చలికోటా? నాయినకు కోటెప్పుడున్నదమ్మా?"

"ఏడుంది? ముందుగాల ముద్ర వెయ్యి, స్టాకు రాంగనే ఇస్తమన్నరట. వేసిండు. ఏడు చలికాలాలు అడిగిండు బిడ్డా. ముట్టినట్టు నీ ముద్రనే ఉన్నది గద అన్నరు. గేటు కాడ, గా అద్దాల బిల్డింగుకెల్లి వచ్చే గాలిల, తువ్వాల చుట్టుకోని నిలవడ్డడు. ఆఖరికి దమ్ము వట్టుకున్నది." "స్టూడియో ఆయన, ఫోటోకేమన్న చెయ్యాల్నా అమ్మా అన్నడు. కోటు తొడుగు అయ్యా అన్న. నేనన్నది చలికోటు. ఆయన గిదేసిండు. ఏదైతేంది, చలి ఆగుతది గద అని ఊకున్న."

చలికోటు ఒకటి, ముట్టినది. అక్షరాలు ఈనాటికీ స్పష్టంగా ఉన్నాయి. ఏ అధికారి ముందు పెట్టినా చెల్లే కాగితమే. ఇలాంటి కాగితాలకు బీదవాడి వేలిముద్ర ఎప్పుడూ చక్కగా పడుతుంది. అతని పెళ్లానికి పింఛను ఇవ్వవలసినప్పుడే వేళ్ల మీద గీతలు కనబడవు.

"నాకెందుకు చెప్పలేదమ్మా ఇన్నేండ్లు?"

"నువ్వు గా స్టూడియో వాన్ని తిడుతుంటివి. పోనీ, ఎవన్నో ఒకన్ని తిట్టుకోని మనసు తేలిక చేసుకోనీ అనుకున్న," అని భూలక్ష్మి పీట ముందు కూర్చుని, తడిగుడ్డతో పటం అద్దం తుడవడం మొదలుపెట్టింది. ఇక కూతురితో ఆమెకు మాట లేదు. మాటంతా అద్దంలో ఉన్న మనిషితోనే.

"ఇన్నవా? నీ బిడ్డ నీ కోటు గుంజుకుంటదట. పెద్ద ఆఫీసరు గద నీ బిడ్డ! నువ్వు ఫికర్ జెయ్యకు, నేనున్న. చూడు, కాలరు మీద ఎంత దుమ్ము వట్టిందో. జర గడ్డమెత్తు..."

రేఖ పొయ్యి ఆర్పి, తలుపు దగ్గరి సంచీ విప్పింది. ఒక్క మాట అనలేదు. కెమెరా కంటికి పెట్టుకుంటే అమ్మ దూరంగా కనబడింది. జూమ్ లేదు. మోకాళ్ల మీద జరిగింది, ఇంకొంచెం జరిగింది. కెమెరా అద్దంలో వెలుగు నిండింది. తల్లి చేతిలోని గుడ్డ నీలం కోటు మెడ దగ్గర, పై గుండీ పెట్టినట్టుగా ఆగింది. పెదవి మీద ఇంకా తిట్టు ఉంది. తిట్టు వెనక నవ్వు ఉంది. రేఖ మీట నొక్కింది.

ఆ చప్పుడుకు భూలక్ష్మి తిరగలేదు. ఆయనను తిట్టడం ఇంకా పూర్తికాలేదు. రేఖ మరో రెండు తీసి కెమెరా దించింది. కళ్లు తుడుచుకోవడానికి ఆమెకు చెయ్యి ఖాళీ కావలసి వచ్చింది.

భోజనాలయ్యాక తల్లికి చూపించింది. భూలక్ష్మి కెమెరాను దూరంగా, దగ్గరగా పట్టుకుని పరీక్షగా చూసింది.

"మొహం సగమే పడ్డది గదనే."

"సగమే అమ్మా."

"చెవి గూడ ఒక్కటే ఉన్నది."

"ఒక్కటే."

"కండ్లు కిందికున్నయి. నవ్వుతున్న గూడ. గిది ఎవలు తీసుకుంటరే, ఏ ఆఫీసుల?"

"ఎవలు తీసుకోరు. మనకే."

భూలక్ష్మి ఇంకాసేపు చూసింది. "మీ నాయిన మంచిగ పడ్డడు," అంది.

సాయంత్రం రామబ్రహ్మమే ఫోన్ చేశాడు. "చీకటిపడితే దుకాణం మూసేస్తానండి. వస్తున్నారా, లేదా?" జవాబుగా రేఖ పొద్దుటి ఫోటో పంపింది.

"పెద్ద సైజు ప్రింటు వేసి పటం కట్టిస్తానమ్మా. ఆవిడకి కూడా కోటేమన్నా కావాలా?"

పదకొండేళ్లలో మొదటిసారి కోటు మాటకు రేఖ నవ్వింది. "వద్దు సార్. అమ్మకు స్వెటర్ ఉన్నది."

వారం తిరిగాక పటం వచ్చింది. ఎక్కడ పెట్టాలో తెలియక రేఖ దాన్ని చేతుల్లో పట్టుకుని గది మధ్యలో నిలబడింది. భూలక్ష్మే లేచి, రాజయ్య పక్కనున్న ఖాళీ మేకును చూపించింది.

"ఎక్కియ్యి. ఎట్లున్ననో నేను గూడ జూసుకుంట. దండ మాత్రం వెయ్యకు, నేనింకా ఈడనే ఉన్న."